ముందు వరుసలో నవ్వు

ముందు వరుసలో ఆరుగురు ఒక్కసారిగా నవ్వారు.

సంతాప సభలో నవ్వడమంటే మాటలా! వేదిక పక్కన కాగితాలు సర్దుకుంటున్న పార్టీ కార్యదర్శి ఉలిక్కిపడ్డాడు. నిలువెత్తు ఫోటోలో పోయిన అధ్యక్షుడు నవ్వుతున్నాడంటే అర్థముంది. కానీ మైకు ముందు మాజీ మంత్రి కళ్లు తుడుచుకుంటూ, "పోయిన నెలే ఆయన చెవిలో ఒక్క మాట వేశాను. 'నా తరవాత నువ్వే చూసుకోవాలోయ్' అని భుజం తట్టారు" అంటుంటే వీళ్లకి నవ్వెలా వచ్చింది?

ఆ ఆరుగురూ బధిరుల పాఠశాల వాళ్లు. పోయిన పెద్దాయన కొన్నేళ్లుగా ఇంట్లోంచి కదిలితే ఆ బడికే. వారానికోసారి వెళ్లి వాళ్ల మధ్య కూర్చునేవాడు. పార్టీకి పేరొస్తుందని ఆ ఫోటోలు పత్రికల్లో వేయించింది కార్యదర్శే. అయితే ఇవాళ వాళ్లని ముందు వరుసలోనే కూర్చోబెట్టాలని పట్టుబట్టింది మాత్రం పెద్దాయన భార్య. వాళ్లకోసం బడి టీచరు వేదిక మూల నిలబడి ప్రసంగాలన్నీ చేతి సైగల్లో చెప్తోంది.

కార్యదర్శి కళ్లు ఆ చేతుల మీద పడ్డాయి. అవి గాలిలో ఏం కల్పిస్తున్నాయో ఎవరికి తెలుసు? ఇది కచ్చితంగా పెద్దాయన తమ్ముడి కొడుకు పన్నాగమే అనుకున్నాడు. వాడు అధ్యక్షుడి కుర్చీ మీద కన్నేసి చాలా కాలమైంది.

అంతలో తమ్ముడి కొడుకే మైకు అందుకున్నాడు.

"పెదనాన్నకి రోజూ పొద్దున్నే పేపరు చదివి వినిపించేది నేనే. వింటూ వింటూ ఒకరోజు, 'పార్టీని నీకు అప్పజెప్తున్నారా' అన్నారు..."

ముందు వరుసలో ఒకాయన తొడ చరుచుకున్నాడు. ఇంకొకావిడ నోట్లో రుమాలు కుక్కుకుంది.

కార్యదర్శికి ముందు సంతోషం వేసింది. మరుక్షణమే అనుమానం రెట్టింపయింది. వీడి మనిషైతే వీణ్ణి నవ్వులపాలెందుకు చేస్తుంది? మరి ఆ టీచరు ఎవరి తరఫు?

పక్కన వీడియో తీస్తున్న మనిషి భుజం తట్టాడు. "ఏమయ్యా, ఆవిడ చేతులు తిప్పుతుంటే నువ్వు తలూపుతున్నావు. నీకు తెలుస్తోందా?"

"తెలుస్తుంది సార్. మా అమ్మకీ నాన్నకీ వినబడదు. మా ఇంట్లో అందరివీ సైగలే."

"అయితే చెప్పు. ఏం కల్పిస్తోంది?"

"కల్పించడమేంటి సార్! ఉన్నదున్నట్టు చెప్తోంది. మంత్రిగారి ఎక్కిళ్లు తప్ప ఒక్కటీ వదల్లేదు."

"మరి ఆ నవ్వులేంటి?"

"ఏమో సార్, అదే నాకూ అంతుపట్టట్లేదు."

కార్యదర్శికి మాత్రం అప్పుడు అంతుపట్టింది. వాళ్లు పెద్దాయన్ని వారం వారం చూసినవాళ్లు. ఎవరు కోతలు కోస్తున్నారో వాళ్లకి తెలియదా! మూడేళ్లుగా అమ్మగారు ఇంట్లోకి ఎవర్నీ రానివ్వలేదు. ఆయనకి ఒంట్లో బాగుండట్లేదని, ఏమున్నా ఫోన్లో చెప్పమని గుమ్మంలోంచే పంపేసేది. ఇక చెవిలో మాట వేసిందెవరు, పేపరు చదివిందెవరు? ఇద్దరూ పచ్చి అబద్ధాలకోర్లు. అంత నిజం హాల్లో తనొక్కడి దగ్గరే ఉందనుకునేసరికి గుండె నిండా గాలి పీల్చుకున్నాడు.

పోయిన మంగళవారం అతను ఫోన్ చేశాడు. ఎప్పట్లాగే అమ్మగారే ఎత్తి, "ఆయన పక్కనే ఉన్నారు, చెప్పు బాబూ" అంది. అతను కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. మాజీ మంత్రి ఎంత గుంటనక్కో, తమ్ముడి కొడుకు ఎంత చేతకానివాడో పూసగుచ్చినట్టు చెప్పాడు. చివర్లో, "పార్టీని నా చేతిలో పెట్టండి. ఇష్టం లేకపోతే వద్దనండి" అన్నాడు. అవతలినుంచి వద్దన్న మాట రాలేదు. సన్నటి దగ్గొకటి వినిపించింది. మూడేళ్లుగా ప్రతి ఫోనుకీ అదే జవాబు. పెద్దాయన అసలే మితభాషి కాబట్టి దాన్ని అతను అంగీకారంగానే లెక్కేసుకున్నాడు.

పేరు పిలిచారు. కార్యదర్శి మైకు ముందుకెళ్లి గొంతు సవరించుకున్నాడు.

"నేను కథలు చెప్పను. పోయిన మంగళవారం ఫోన్లో అరగంట సేపు నా గోడంతా విన్నారాయన. పార్టీ బాధ్యత నాకివ్వమని అడిగితే కాదనలేదు. ఇది ఆయన చివరి కోరిక..."

టీచరు చేతులు ఆగాయి. ముందు వరుస ఈసారి ఆపుకోలేకపోయింది. ఆరుగురూ వంగి వంగి నవ్వారు. వెనక వరసల్లో జనం లేచి నిలబడి చూడసాగారు. మాజీ మంత్రి, తమ్ముడి కొడుకు కూడా ముసిముసిగా నవ్వుకుంటున్నారు.

కార్యదర్శికి ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు తగ్గితే కుర్చీ చేజారినట్టే. మైకు పట్టుకుని వేదిక దిగి నేరుగా పెద్దాయన భార్య దగ్గరకి నడిచాడు.

"అందరూ వినండి! దీనికి సాక్షి ఇక్కడే ఉన్నారు. అమ్మగారూ, ఆ రోజు ఫోన్ ఎత్తింది మీరే. ఆయన నా మాటలన్నీ విన్నారా లేదా? మీ నోటితో మీరే చెప్పండి."

ఆవిడ మెల్లగా లేచింది. ఫోటో వైపు ఒకసారి, నవ్వు ఆపుకుంటున్న ఆరుగురి వైపు ఒకసారి చూసింది. మైకు అందుకుని సన్నగా దగ్గింది. ఆ దగ్గు కార్యదర్శికి బాగా తెలిసినదిలా అనిపించింది.

"చివరి మూడేళ్లూ ఆయనకి చెవులు వినపడలేదు బాబూ."