రెండు బాటిళ్లు

"పోయిన వారం తీసుకుపోయిన రెండు బాటిళ్ల రిపోర్టు వచ్చిందమ్మా," అన్నాడు బళ్ళారి నుంచి వచ్చిన ల్యాబ్ మనిషి నాగరాజ్. "మీ బావినీళ్లల్లో సీసం ఉండాది. ఆవుపాలల్లో గూడా."

"నా పాలతోపాటు బిడ్డకు అవీ తాపిస్తాండా సార్," అంది యూనీస్.

"ఈ పొద్దే నిలిపేయమ్మా. నీ పాలొకటే ఇయ్యి."

ఆమె చెంబులోని పాలు వాకిట్లో పారబోసింది. దొడ్లో ఆవు తొట్టిలో మూతి పెట్టి నీళ్లు తాగుతోంది. దాన్నే చూస్తూ నిలబడింది.

"ఆవు తాగేదీ, నేను తాగేదీ ఒకే బావి గదా సార్?"

నాగరాజ్ కాగితం మడిచాడు.

లోపల బిడ్డ ఏడుపు అందుకుంది. యూనీస్ చెయ్యి జాకెట్టు హుక్కుల దాకా వెళ్ళి ఆగిపోయింది.

"పరీక్షకు ఇంకో బాటిల్ ఉండాదా సార్?" అంది.