నాలుగో భాగం కెప్టెన్

"ఇంకోసారి దగ్గండి, కెప్టెన్ గారూ," అన్నాడు డైరెక్టర్ రికార్డింగ్ గది అద్దం అవతలి నుంచి.

ఆయన దగ్గాడు.

"ఇది జలుబు దగ్గండీ. నాకు ఉప్పునీళ్ళు మింగినవాడి దగ్గు కావాలి."

ఉప్పునీళ్ళు మింగినవాడిలానే దగ్గాడు. ఆ తర్వాత తాడు లాగుతున్నవాడిలా రొప్పాడు, నిట్టూర్చాడు, ఏడుపు దిగమింగాడు, మునిగిపోతూ గాలి కోసం కొట్టుకున్నాడు. పొద్దున తొమ్మిదింటి నుంచి ఇదే వరస. చేతిలో పెట్టిన కాగితం మీద మాటన్నది ఒక్కటి లేదు. ముప్పై ఏళ్ళుగా డబ్బింగ్ చెబుతున్నవాడిని పిలిపించి దగ్గమంటారా అని ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ ఓడల వీడియో గేమ్ మొదటి మూడు భాగాల్లోనూ ముసలి కెప్టెన్‌కి గొంతు ఆయనదే. ఆడేవాళ్ళు ఏ రేవులో సరుకు దించినా, ఏ తుపానులో తెరచాప దించినా, పటంలో లేని దీవిని కనిపెట్టినా వాళ్ళ చెవిలో పలికేది ఆయనే. అసలు పేరు ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. స్టూడియో వాచ్‌మన్ దగ్గర్నుంచి అందరికీ ఆయన కెప్టెన్ గారే. విచిత్రమేమిటంటే ఆ ఆట ఆయన ఒక్కనాడూ ఆడలేదు. తను చెప్పింది తను వినే అలవాటు కూడా లేదు. వింటే తప్పులే వినిపిస్తాయని, టేక్ ఓకే కాగానే హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పడేసేవాడు.

"ఈ దగ్గులన్నీ ఎవరివి బాబూ?"

"ఓడ సిబ్బందివండీ."

"మరి కెప్టెన్ డైలాగులు ఎప్పుడు?"

డైరెక్టర్ పెన్ను మూత తీసి పెట్టాడు, మళ్ళీ తీశాడు. "అవి అయిపోయాయండీ. ఈ నాలుగో భాగంలో కెప్టెన్‌కి పాతికేళ్ళు. ఆయన మొదటి ప్రయాణం కథ. అందుకని కుర్ర గొంతు పెట్టాం."

"అయిపోయాయా! నాతో ఒక్క మాటైనా చెప్పకుండా?"

"చెబుదామనే అనుకున్నామండీ..."

ఆయన హెడ్‌ఫోన్స్ విసిరికొట్టి, తలుపు తోసుకుని కంట్రోల్ రూమ్‌లోకి వచ్చాడు. సౌండ్ ఇంజనీరమ్మ మీటల మీద నుంచి తలెత్తలేదు. మొదటి భాగం నుంచీ ఆయన్ని అన్నయ్యా అని నోరారా పిలిచే మనిషి, ఇవాళ పొద్దుటి నుంచి పలకరించనైనా లేదు.

"పదేళ్ళు! పదేళ్ళు ఆ కెప్టెన్‌కి ప్రాణం పోశాను. ఇప్పుడు కరివేపాకులా తీసిపారేస్తారా? ఎవడా కుర్రాడు? పిలవండి, నాలుగు మాటలు అడగాలి!"

"అతను రాడండీ," అన్నాడు డైరెక్టర్.

"ఎందుకు రాడు? అంత గొప్పవాడా?"

"మంచి ఆర్టిస్టండీ. ఎన్ని టేకులైనా విసుక్కోడు. టీ కూడా అడగడు."

"అంటే? నేను రెండుసార్లు టీ అడిగానని ఎత్తిపొడుపా?"

"అయ్యో, అది కాదండీ!"

"అయితే వినిపించండి. ఆ విసుక్కోనివాడు ఏం వెలగబెట్టాడో నేనూ వింటాను."

ఇంజనీరమ్మ డైరెక్టర్ వైపు చూసింది. డైరెక్టర్ తలాడించాడు. నలభై రోజుల తర్వాత ఓడకు నేల కనిపించే ఘట్టం అది. తిండి అయిపోయింది, మనుషులు సగమే మిగిలారు. స్పీకర్లోంచి కుర్ర కెప్టెన్ పలికాడు: "ఒడ్డు కనిపిస్తోంది. అందరూ లేవండి."

కెప్టెన్ గారు కళ్ళు మూసుకుని విన్నాడు. మళ్ళీ వేయమన్నాడు.

"గొంతుకేం, నిక్షేపంలా ఉంది. మనిషేడీ? నలభై రోజులు నీళ్ళ మీద చచ్చీచెడీ వచ్చినవాడు ఇలాగేనా చెప్పేది? బస్సొచ్చింది ఎక్కండి అన్నట్టు చెప్పాడు! వీడెప్పుడైనా ఆకలితో పడుకున్నాడా? అయినవాళ్ళని పోగొట్టుకున్నాడా? ఊపిరే లేదు వీడికి!"

"మీరైతే ఎలా చెబుతారండీ?" అంటూ డైరెక్టర్ బల్ల మీది మైకును మెల్లగా ఆయన వైపు జరిపాడు.

"ఒడ్డు..." అన్నాడు ఆయన. అక్కడ మాట తెగింది. గుటక పడింది. "కనిపిస్తోంది." ఆ తర్వాత, లేవలేనివాళ్ళను కూడా లేపాలన్నట్టు, "అందరూ... లేవండి!"

ఇంజనీరమ్మ కళ్ళు తుడుచుకుంది. డైరెక్టర్ మాత్రం గబగబా రాసుకుని, "ఒడ్డు తర్వాత ఊపిరి. సరిగ్గా అదే తగ్గిందండీ. థ్యాంక్సండీ," అని ఫోను పట్టుకుని బయటికి నడిచాడు.

"చూశావా చెల్లెమ్మా! నా దగ్గర నేర్చుకెళ్ళి వాడికి నేర్పుతాడట! ఇంతకంటే అన్యాయం ఉందా? ఆ దొంగ వెధవ పేరు చెప్పు నాకు. డబ్బింగ్ ఆర్టిస్టుల సంఘానికి ఎక్కుతాను. నలుగురిలో పెట్టి కడిగేస్తాను!"

ఆమె లేచి తలుపు మూసింది. మైకు ఆపేసింది.

"ఆ కుర్రాడు లేడన్నయ్యా. కంప్యూటర్ చేత పలికించారు."

"కంప్యూటరా!" ఆయన కుర్చీలో కూలబడ్డాడు. అంతలోనే కోపం రెట్టింపై లేచాడు. "దానికి గొంతెక్కడిది? ఎవడో ఒకడు ఇచ్చే ఉండాలిగా? తోటివాళ్ళ పొట్ట కొట్టడానికి తన గొంతు అప్పజెప్పిన ఆ మహానుభావుడెవడు?"

"మొదటి మూడు భాగాల టేకులన్నీ దానికి వినిపించి, వయసు తగ్గించారు. ఆ గొంతు మీదే, అన్నయ్యా."