తవుడు లెక్క

మొదట్లో నా చేతిలో ఉన్నవి తెనాలిలో బియ్యం కొట్టు, భార్య శేషరత్నం, ఏడాది పాప. అప్పటికే బృందగానం వాళ్లు మాటల్లేని రాగం కోసం మనుషుల గొంతులు కొంటున్నారు. మెడకు పట్టీ చుట్టి కూనిరాగాన్ని తీసుకుపోతారు, మాట మనకే వదిలేస్తారు. మాట బియ్యం, కూనిరాగం తవుడు అని లెక్కగట్టి, శేషరత్నం చేత అమ్మించాను.

ఆనాటి నుంచి పాపకు నిద్ర లేదు. ఏడ్చి ఏడ్చి పాలు కూడా మానేసింది.

"మాటలున్నాయిగా, వాటితోనే జోకొట్టు," అన్నాను.

"కొట్టానండీ. ఎవరో పక్కింటావిడని చూసినట్టు చూస్తంది," అంది శేషరత్నం.

పాపను ఎత్తుకుని ఇద్దరం బృందగానం వాళ్ల గానమందిరానికి పరుగెత్తాం. రాగం తిరిగి ఇమ్మని మేనేజరు కాళ్లు పట్టుకున్నాను.

"నలభై గొంతుల్లో కలిపేశాం సెట్టిగారూ. కొట్లో కలిపేసిన బియ్యం మళ్లీ ఏరి ఇస్తారా మీరు?" అన్నాడతను.

లోపల పాట మొదలైంది. పాప ఏడుపు ఆపింది. తల్లి చంకలో ఉండి కూడా, "అమ్మా" అంటూ గోడ వైపు చేతులు చాపింది.

ఇప్పుడు రోజూ ఆ గోడ పక్కనే పాలు తాగి నిద్రపోతుంది. ఇంటికి తెస్తే శేషరత్నాన్ని చూసి బెదురుతుంది. పాప ప్రాణం దక్కింది. మాకు మిగిలిన లాభం అంతే.