ఏదో అలా ఉన్నాను

అంగన్‌వాడీ గుమ్మానికి మనసు చూసే పెట్టె బిగించి వారం అవుతోంది. రోజూ పొద్దున్నే అది "అమ్మా, మీ మనసెలా ఉంది?" అని అడిగి, జవాబు విన్నాకే తలుపు తీస్తుంది. ఆయా అప్పలనర్సమ్మ "ఏదో అలా ఉన్నాను నాయనా" అంటుంది. బాగున్నానని పైకి చెప్పుకుంటే దిష్టి తగులుతుందని ఆవిడ భయం. పెట్టె మాత్రం ఆరు రోజులుగా ఆ మాటని దిగులు కింద రాసుకుంటోంది. ఏడో రోజూ దిగులే అయితే ఇక పిల్లల్ని ఆవిడ చేతికివ్వరు.

"పిన్నీ, ఈ ఒక్కరోజుకీ చాలా బాగున్నానని అను. నోటి ముత్యాలేం రాలిపోవు," అంది టీచర్ కుసుమ.

"అంటాన్లేవే. పిల్లలకి దిష్టి తగిలితే నీదే పూచీ!"

ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పలనర్సమ్మ చంకలో రెండేళ్ల పిల్లతో పెట్టె ముందు నిలబడింది.

"చాలా బాగున్నాను నాయనా."

అంటూ ఉండగానే దిష్టి భయంతో గొంతు వణికింది.

"మాట ఒకటి చెబుతోంది, గొంతు ఒకటి చెబుతోంది. మీరు బాధ దాస్తున్నారమ్మా," అంది పెట్టె ఎంతో మెత్తగా. "ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోండి. పిల్లల సంగతి ఇక మరిచిపోండి."

అప్పలనర్సమ్మ పిల్లని కుసుమకి అందించింది. పిల్ల ఏడుస్తూ ఆవిడ కొంగు వదల్లేదు. కుసుమే ఒక్కొక్క వేలూ విడదీసింది.

"కుసుమగారూ, మీ మనసెలా ఉంది?" అని అడిగింది పెట్టె.

కుసుమ కళ్లు తుడుచుకుంది. పిన్ని వైపు చూడకుండా, గొంతు వణక్కుండా, "చాలా బాగుంది," అంది.

తలుపు తెరుచుకుంది.