గీతలు పోయిన పేరు

"స్తుతి అందుకోవే, బాబు పుట్టిన ఎనిమిదో రోజు పొద్దెక్కిపోతోంది!" తేనె గిన్నె పట్టుకుని అబెని పెద్దమ్మ ఫదెరెరాను తొందరపెట్టింది. నైజీరియాలో, ఇబాదాన్ ఊళ్లోని ఆ ఇంట పసివాడికి పేరు పెట్టే ముందు వంశస్తుతి వినిపించాలి.

ఫదెరెరా ఫోన్లో తన బ్లాగు తెరిచింది. కిందటేడు పోయిన నానమ్మ చెబుతుంటే రాసుకున్న స్తుతి అందులోనే ఉంది. నిన్న ఆ బ్లాగు సాఫ్ట్‌వేర్ తనంతట తానే మారింది. గొంతు ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ దించాలో చెప్పే, అక్షరాల మీది గీతలన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి.

బ్లాగు కంపెనీకి ఫోన్ చేసింది.

"అక్షరాలన్నీ ఉన్నాయి కదా మేడమ్?" అన్నాడు అవతలివాడు.

"గీత పోతే మా యొరుబా భాషలో పార కాస్తా మొగుడైపోతుందయ్యా!"

"పాత కాపీ ఏదైనా దాచారా?"

ఫదెరెరా ఫోన్ పెట్టేసింది.

పెద్దమ్మ నవ్వింది. "ఆ డబ్బా ఎందుకే? నోటితో చెప్పు. మీ నానమ్మ ఇంకెవరికీ చెప్పలేదు, పదేళ్లు కూర్చోబెట్టి నీకే చెప్పింది."

ఫదెరెరా మొదటి మాట అంది. రెండో మాటకి గొంతు ఎత్తాలో దించాలో తెలియక ఆగిపోయింది.

"మర్చిపోయావా?"

"లేదు పెద్దమ్మా. రాసిపెట్టాను కదా అని అసలు నేర్చుకోనేలేదు."