ఎదురుకాళ్ల వైద్యం

"సెలవెందుకురా? బోర్లా పండుకో" అన్నాడు గుత్తేదారు శంకరప్ప, చెప్పులు విడుస్తూ.

మొగులప్ప చేతిలోని చీటీ చేతిలోనే ఉండిపోయింది. ఆ చీటీ కోసం అతను నిన్న తాండూరు నుంచి వికారాబాద్ దాకా రైల్లో నిలబడే వెళ్లాడు. చోటు దొరక్క కాదు, కూర్చుంటే మళ్లీ లేవలేడు. దవాఖానలో డాక్టరు వెన్ను తడిమి చూశాడు. పద్దెనిమిదేళ్లుగా గనిలో బండలెత్తుతున్నానని చెప్పగానే ఇంకేమీ అడగలేదు. నెల రోజులు బరువు ముట్టొద్దని, ముడితే ఆ తర్వాత మంచం దిగవని చెప్పి, ఆ మాటే చీటీ మీద రాసిచ్చాడు.

"డాక్టర్ సాబ్ రాసిండు పటేలా. నెల రోజులు జర..."

"ఆ డాక్టర్ ఎదురుకాళ్లతోటి పుట్టిండా?"

మొగులప్పకు తెలియదు. అడగడం మరచిపోయాడు.

"నేను పుట్టిన. మా అవ్వ మూడు దినాలు తిప్పలు పడ్డది. పండుకో."

తల కాకుండా కాళ్లు ముందు పెట్టి పుట్టినవాళ్లు తొక్కితే నడుము పట్టు వదులుతుందని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. అలాంటి కాళ్లు ఊరికి ఒక్కరికి ఉంటే గొప్ప. అవి సాక్షాత్తూ గుత్తేదారుకే ఉన్నాయంటే కూలీల అదృష్టం గురించి వేరే చెప్పాలా! మొగులప్ప బండ మీద బోర్లా పడుకున్నాడు. శంకరప్ప పైకెక్కాడు. మనిషి రెండు బస్తాల కందులంత ఉంటాడు.

"ఎట్లున్నది?"

గుత్తేదారు కాళ్లు వీపు మీద ఉన్నప్పుడు ఎవరైనా ఏం చెబుతారు?

"మంచిగున్నది పటేలా."

"మరి లే. సమ్మెట పట్టు."

ఆ రోజు నుంచి గనిలో అది ఆచారమైపోయింది. పొద్దున్నే పనికి ముందు, నొప్పి ఉన్న మగవాళ్లంతా వరసగా బోర్లా పడుకోవాలి. శంకరప్ప ఒకరి మీద నుంచి ఒకరి మీదికి నడుచుకుంటూ పోయేవాడు. పైసా తీసుకునేవాడు కాదు, పాత పైసా కాదు, కొత్తగా వచ్చిన నయా పైసా కాదు. అంత ధర్మాత్ముడు. చెప్పులు కూడా ఏనాడూ మరచిపోకుండా విడిచేవాడు. నెల తిరిగేసరికి ముప్పై మందిలో ఒక్కడికీ నొప్పి లేదు. ఇంకా ఉందన్నవాణ్ణి రెండోసారి తొక్కుతున్నాడు మరి.

"మూడోసారి నొప్పంటె ఎగిరి తొక్కుతడంట" అన్నాడు పక్కన పడుకున్న మత్తయ్య, బండకు చెంప ఆనించి.

మొగులప్పకు నవ్వు రాలేదు. నొప్పి నడుము దాటి కుడికాల్లోకి దిగింది. అన్నం నిలబడే తింటున్నాడు. ఇంట్లో రుక్కమ్మ వేడి ఇసుక మూటతో కాపడం పెడుతూ అతని కాలి వేళ్లు గిల్లింది.

"తెలుస్తున్నదా?"

"ఏంది?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మొగులప్పకు మొదటిసారి భయం వేసింది. కాలు పడిపోతే తనను గనికి మోసుకుపోయి తొక్కించే ఓపిక కూడా ఎవరికీ ఉండదు.

"గా సెలవు మల్లొకసారి అడగరాదు?" అన్నది రుక్కమ్మ.

"ఆయన నా వీపు మీదికెల్లి దిగితె గద అడిగేది."

మర్నాడు బతిమాలైనా అడగాలనే వెళ్లాడు. నోరు తెరవకముందే శంకరప్ప పడుకోబెట్టాడు. తొక్కి, దిగి, చెప్పుల కోసం వంగాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"అమ్మో! పట్టిందిరా! నడుం పట్టింది!"

నలుగురూ కలిసి ఎత్తి, అలవాటు కొద్దీ బండ మీద బోర్లా వేశారు.

"టేషన్‌కు టాంగా పిలువుండ్రిరా. వికారాబాద్ డాక్టర్ తానికి పోతా..."

"ఆయన ఎదురుకాళ్లతోటి పుట్టిండో లేదో పటేలా" అన్నాడు మొగులప్ప ఎంతో వినయంగా. "గిదంత మీరు చెప్పిందే."

 ముప్పై మందీ చూస్తున్నారు. ఇప్పుడు డాక్టరు దగ్గరికి పోతే ఇన్నాళ్ల తన వైద్యం ఉత్తదని శంకరప్ప తానే ఒప్పుకున్నట్టు. పోనీ తొక్కించుకుందామంటే, ఎంత మహిమ గల కాళ్లయినా తన వీపు మీదికి తనవే రావు.

"మీలో ఎదురుకాళ్లోళ్లు ఎవరన్న ఉన్నరా?" అన్నాడు పళ్లు బిగపట్టి.

"నేనున్న" అన్నాడు మొగులప్ప.

"నువ్వా? ఇన్నొద్దులు చెప్పకపోతివి?"

"మీ కాళ్లుండంగ నా కాళ్లెందుకని ఊకున్న. కావాలంటె మా అవ్వను అడుగుండ్రి."

"ఏడున్నది?"

"సచ్చిపోయి ఆరేండ్లాయె."

మొగులప్పకు విడవడానికి చెప్పులు లేవు. నేరుగా ఎక్కాడు. శంకరప్ప పెట్టిన కేకకు గని అంచున మేస్తున్న మేకలు చెదిరిపోయాయి.

"ఎట్లున్నది పటేలా?"

"మంచిగున్నది! మస్తుగున్నది! దిగు!"

"మరి లేచి సమ్మెట పడ్తరా?"

"నెల సెలవు తీస్కోరా! కూలి గూడ ఇస్త! దిగు!"

మొగులప్ప దిగలేదు. నడుముకు చుట్టుకున్న గుడ్డలోంచి చీటీ తీసి మత్తయ్యకు అందించాడు. మత్తయ్య దాన్ని శంకరప్ప ముక్కు ముందు పరిచి, బండల మీద గీతలు గీసే పెన్సిల్ చేతికిచ్చాడు. శంకరప్ప పడుకునే సంతకం చేశాడు. అప్పుడు దిగాడు మొగులప్ప, ఒక కాలి తర్వాత ఒక కాలు, తొందర లేకుండా.

హమ్మయ్య అనుకుంటూ శంకరప్ప తల ఎత్తి చూశాడు. మత్తయ్య ధోవతి ఎగగట్టుకుంటున్నాడు. అతని వెనక బీరన్న, బీరన్న వెనక ఎల్లప్ప, రాళ్ల గంప కింద పెట్టి వచ్చిన కాశమ్మ, ఇంకా గని ఒడ్డు దాకా వరస. ఆ పొద్దు ఆ గనిలో తల ముందు పెట్టి పుట్టినవాళ్లు ఒక్కరూ లేరు.