చెంగణ్ని ఎవరూ ముట్టుకోలేదు

తాటికాయను అవతలి గట్టు దాటిస్తే గెలిచినట్టు. ఏటా ఆ ఆటలో ఓడిన జట్టుకే, ఈడొచ్చిన పిల్లల్లోంచి ముందుగా ఒకర్ని తమ జట్టులోకి ఏరుకునే హక్కు. ఎలుగుబంటి గుంపయ్య జట్టు ఎప్పుడూ ఓడుతూనే ఉండడంతో, ఏరుకోవడంలో అతనికున్న అనుభవం అడవిలో ఇంకెవరికీ లేదు. ఈసారీ ఓడితే మాత్రం మడుగు పక్కన కాపురం ఖాళీ చెయ్యాలి.

అందుకని గుంపయ్య జింకపిల్ల చెంగడి కాళ్లు కొలిచాడు, దూకించి చూశాడు, నోరు తెరిపించి పళ్లు కూడా చూశాడు.

"పళ్లెందుకు బావా, తాటికాయ కొరకాలా?" అంది అడవిపంది పోలమ్మ. "ముందు వాణ్ని ఒక గుద్దు గుద్ది చూడు. నా కొడుకు మొద్దునీ గుద్ది చూడు."

"నీ మొద్దు పరిగెడుతుంటే చూసే నత్తకి ఆవులింతలొస్తాయి. చెంగణ్ని పుట్టిన్నాటి నుంచి ఒక్కరూ ముట్టుకోలేకపోయారు, తెలుసా?"

"అయితే ముట్టుకుంటే ఏం చేస్తాడో వాడికే తెలీదన్నమాట."

గుంపయ్య విననట్టు నటించి చెంగణ్నే ఏరుకున్నాడు. మొద్దుని దున్నల జట్టు తీసుకుపోయింది.

ఆట రోజు తాటికాయ చెంగడి కాళ్ల దగ్గరికి దొర్లుకొచ్చింది. మొద్దు ఎదురొచ్చి భుజంతో అలా తగిలాడో లేదో, చెంగడు కాయ వదిలేసి, గట్టు దాటి, గుట్ట దాటి, పక్క అడవిలోకి మాయమైపోయాడు. మొద్దు తాపీగా ముట్టెతో కాయ దొర్లించుకుంటూ వెళ్లి గట్టు దాటించాడు.

మడుగు వదిలి పోవడానికి తేనెపట్లు మూట కట్టుకుంటూ కూడా గుంపయ్య గుట్ట వైపే మురిపెంగా చూస్తున్నాడు.

"చూశావా పోలమ్మా, ఎవరికైనా దొరికాడా?"